రాగికి పట్టు చిలుము



వ్యాకరణ తర్కములు చదివి, పాఠశాలలో పాఠములు చెప్పుచు కాలము గడపిన నావంటివాడు రాగిరేకును గుఱించి ప్రసంగించుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని పటాన్‌చెరువు మొదలుకొని సంగారెడ్డి వఱకు వెలసిన కార్ఖానాలలో మన పల్లెల పిల్లలెందఱో పని చేయుచున్నారు. అట్టి పనులలో సర్క్యూట్ బోర్డులను అతుకుటయు పరీక్షించుటయు నొకటి. ఆ పనిలో మెలకువ యెచ్చట నుండవలెనో నాలుగు మాటలు చెప్పెదను.

గాజునూలు బట్టను ఎపాక్సీ జిగురులో తడిపి గట్టిపఱచిన పలకయే యీ బోర్డు. దానిపై తీగలకు బదులుగా పలుచని రాగిబాటలుండును. వాని మందము సాధారణముగా 35 మైక్రానులు. అనగా తలవెండ్రుకలో ఇంచుమించు సగము. మనము వినుచున్న రేడియోకును దీనికిని పాత చుట్టఱికము కలదు. ఆస్ట్రియా దేశీయుడగు పాల్ ఐస్లర్ 1936లో లండను నగరమున ఇట్టి పలకతో రేడియో నొకదానిని నిర్మించెను.

రాగికి గాలి సోకినంతనే ప్రాణవాయువుతో కలిసి పైపొర యేర్పడును. మొదట అది యెఱ్ఱనిది, వేడి తగిలినచో నల్లనిది. ఉప్పును తేమయు తోడైనచో పచ్చని చిలుమగును. వ్రేళ్ల చెమటలోని ఉప్పు చాలును, ఈ చెడుగునకు నాంది పలుకుటకు. అట్టి రాగిపై కరిగిన సోల్డరు పోసిన, అది తామరాకుపై నీటిబొట్టువలె ఉండకట్టి నిలుచునే కాని అంటుకొనదు. పూర్వపు తగరము, సీసముల మిశ్రమము 183 డిగ్రీల సెంటీగ్రేడున కరగెడిది. సీసము విషమగుటచే ఐరోపా సమాఖ్య 2006 జూలై 1 నుండి దానిని కట్టడి చేసెను. ఇప్పుడు విరివిగా వాడబడు తగరము, వెండి, రాగి మిశ్రమము సుమారు 217 డిగ్రీలకు గాని కరగదు. వేడి హెచ్చినకొలది చిలుమును త్వరపడును.

దీనికి మందు మన యిండ్లలోనే కలదు. రాగిచెంబును చింతపండుతో తోముట యేల? పులుపు చిలుమును కరగించును గనుక. కంసాలి వెలిగారమును, కళాయివాడు నవసాగరమును వాడుటయు ఇందులకే. కార్ఖానాలో ఆ పని చేయునది ఫ్లక్సు. సరళవృక్షపు జిగురునుండి లభించు రోజిను దీనిలో ప్రసిద్ధమైనది. వేడిలో కరగి చిలుమును హరించి, చల్లారిన పిదప గట్టిపడి యూరకుండుట దాని సుగుణము. అయితే పని త్వరగా సాగుటకై దీనిలో మఱింత చుఱుకైన ఆమ్లలవణములను కలుపుట కలదు. చిక్కంతయు వీనితోనే.

చింతపండుతో తోమిన చెంబును నీళ్లతో కడుగక వదలినచో ఏమగును? తోమకున్నదానికంటె ముందుగా పచ్చబడును. బోర్డున మిగిలిన ఫ్లక్సు గుణమును అట్టిదే. మేలు చేసిన పదార్థమే కడుగకున్న కీడు చేయును. మే నెలలో మన తెలంగాణపు ఎండగాలి పొడిగా నుండును. అప్పుడు పరీక్షించిన బోర్డు చక్కగా పనిచేయును. వానకాలము వచ్చినంతనే ఆ మడ్డి తేమను పీల్చుకొనును. దానిలో విద్యుత్తు ప్రసరింపగా లోహము కరగి, ఒక బాటనుండి మఱియొక బాటకు చిన్న చెట్టుకొమ్మలవలె లోహపు మొలకలు పెరుగును. అవి కలిసినప్పుడు యంత్రము ఆగిపోవును. ఆ యంత్రము ఆసుపత్రిలో రోగి ప్రక్కన నుండవచ్చును.

పరీక్ష యున్నది కదా యందురేమో. పరీక్షకు వాడు సూదిమొనలకును ఈ మడ్డి పట్టును. అప్పుడు మంచి బోర్డును చెడ్డదనును. కామెర్లవానికి తెల్లని శంఖము పచ్చగా కనబడునని తర్కశాస్త్రములో ఉదాహరింతురు. దోషము శంఖమునందు లేదు, కంటియందున్నది. దీనికి మాఱుగా, బీటవాఱిన అతుకును సూది నొక్కినప్పుడు ఆ బీట మూసికొని, చెడ్డ బోర్డు మంచిదిగా తేలవచ్చును. ఇది మఱింత ప్రమాదము.

కావున బోర్డులను తేమ చొరని సంచులలో నుంచి, అంచులను పట్టియే యెత్తవలెను. అతికిన పిదప తగిన ద్రవముతో, ఉదాహరణమునకు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, కడుగవలెను. గుడ్డతో తుడిచి వదలిన మడ్డి పరచుకొనునే కాని పోదు. కరగినదానిని కొత్త ద్రవముతో తొలగింపవలెను. సూదులను తఱచుగా శుభ్రపఱుపవలెను. కొన్ని నమూనాలనైనను 85 డిగ్రీల వేడిలో, నూటికి 85 పాళ్ల తేమలో నుంచి చూచుట మంచిది. అది కార్ఖానాలోనికి వానకాలమును ముందే పిలిచినట్లు.

మఱి రెండు మాటలు. రోజిను పొగ ఉబ్బసమును కలిగింపగలదు. కావున పొగను లాగు గొట్టము పొగ వెడలుచోటనే యుండి, దానిని కార్మికుని ముక్కునకు దూరముగా లాగవలెను. కడిగిన నీరును శుద్ధి చేయక వాగులోనికి విడువరాదు. పటాన్‌చెరువు ప్రాంతపు కాలుష్యము 1990లో సుప్రీంకోర్టు వఱకు పోయినది. అచ్చటి నక్కవాగు మంజీరలో కలియును. మంజీర నీరు త్రాగునట్టిది. బోర్డును శుభ్రపఱచి వాగును మలినపఱచినచో మనము చిలుమును ఒకచోటి నుండి మఱియొకచోటికి మార్చినవారమే యగుదుము.

పనివాడు పలకను కడుగుటకు కావలసిన నాలుగు నిమిషములను యజమాని లెక్కలో వ్యర్థముగా వ్రాయకుండుగాక. సెలవు.