చల్లని కప్పు, పచ్చని విస్తరి

  

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇవాళ మన పిల్లలకు రెండో ఊరు. తండాల నుంచి, గూడేల నుంచి డిగ్రీకి, కోచింగ్‌కు వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటున్నారు. మనవాళ్లే కొందరు మెస్సులు, టిఫిన్ సెంటర్లు, చాయ్ బండ్లు నడుపుకుంటున్నారు. పర్యావరణం అనగానే మనం అడవి గురించే మాట్లాడతాం. ఈ రోజు మనం ఉంటున్న బిల్డింగుల గురించి, మన దుకాణాల గురించి మాట్లాడుకుందాం.

మొదటిది కప్పు. హాస్టల్ వార్డెన్లుగా మేము ప్రతి ఎండాకాలం చూసేది పై అంతస్తు గదుల బాధ. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యాను వేస్తే వేడిగాలే. పరీక్షల రోజుల్లో పిల్లలు చాపలు, పుస్తకాలు పట్టుకుని కింది వరండాలోకి దిగుతారు. ప్రైవేటు హాస్టళ్లలో అద్దె తక్కువని పై గది తీసుకునేదీ ఎక్కువగా పేదింటి పిల్లలే.

దీనికి ఏసీ ఒక్కటే మందు కాదు. తెల్లని కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. 2017లో బంజారాహిల్స్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. ఇంటి లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఇష్టాన్ని బట్టి. కానీ మన పిల్లలు ఉండేది ఎక్కువగా చిన్న స్థలాల్లో లేచిన పాత బిల్డింగుల్లో. రూలు మన గేటు దాకా వచ్చేవరకు ఆగుదామంటే పిల్లల పరీక్షలు ఆగవు.

అందుకే మేము ఓనర్లను అడుగుతున్నాం: ఫిబ్రవరిలోనే కప్పు కడిగి, సున్నంలో బంక కలిపి రెండు పూతలు వేయించండి. వానలకు సున్నం కొట్టుకుపోతుంది, కాబట్టి ఏటా వేయాలి. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, కాబట్టి మధ్యలో ఊడవాలి. అద్దె కాగితం రాసుకునేటప్పుడే ఈ మాట కూడా రాయించుకోవాలి.

రెండోది విస్తరి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు నిషేధం. దాంతో చాలామంది పేపర్ కప్పులకు మారారు. కానీ వాటి లోపల కూడా పల్చని ప్లాస్టిక్ పూతే ఉంటుంది. మార్కెట్లో ఆకు ప్లేటు అని అమ్మేవాటిలోనూ కొన్నింటికి అడుగున పాలిథిన్ పొర అతికిస్తారు. తిప్పి చూసి కొనండి.

మన దగ్గర అసలైన సరుకు ఉంది. ఉత్తరాంధ్ర కొండల్లో అడ్డాకు, తెలంగాణ పల్లెల్లో మోదుగాకు. ఆకు కోసేది, పుల్లతో కుట్టేది ఎక్కువగా మన ఆడవాళ్లే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో అడ్డాకు కూడా ఒకటి. ఇక్కడ మెస్సు నడిపే పది మంది కలిసి మహిళా సంఘాల దగ్గర నేరుగా విస్తర్లు తెప్పించుకుంటే, చెత్తకుండీలో ప్లాస్టిక్ తగ్గుతుంది, అక్కడ ఒక తల్లి చేతికి కూలి అందుతుంది. రోజూ అక్కడే తినేవాళ్లకు స్టీలు పళ్లెం, చాయ్‌కి గాజు గ్లాసు ఇంకా మేలు.

మూడోది నీళ్లు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు చుట్టూ కాలనీలు మునిగాయి. ఎండాకాలం వస్తే ఇదే ప్రాంతంలో ట్యాంకర్ కోసం ఎదురుచూపు. వాననీటిని భూమిలోకి ఇంకించాలని 2002 నాటి వాల్టా చట్టమే చెబుతోంది. చాలాచోట్ల ఇంకుడు గుంత ఉంటుంది, మట్టితో పూడి ఉంటుంది. జూన్ రాకముందే పూడిక తీయించి, కప్పు మీది నీటి పైపును అందులోకి తిప్పితే చాలు.

గడ్డి కప్పు కింద పెరిగిన మనకు, ఇంటి చల్లదనం కప్పుతోనే మొదలవుతుందని ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆకులో తిని ఆకును మట్టికిచ్చిన వాళ్లం. పట్నం వచ్చినంత మాత్రాన ఆ తెలివిని ఊళ్లో వదిలిరావద్దు. వచ్చే ఎండాకాలానికి ఈ సంఘంలోని ప్రతి హాస్టల్, ప్రతి మెస్సు ఈ మూడింటిలో కనీసం ఒక్కటైనా మొదలుపెట్టాలని మా విన్నపం.