అవ్వ మాట

(స్వర్ణోత్సవాల సందర్భంగా పాత సినిమాలు, మన ప్రాంత చరిత్ర మీద జరిగిన సాయంత్రపు గోష్ఠిలో చేసిన ప్రసంగం)

నేను ఇంజనీరును, సినిమా పండితుణ్ణి కాను. చూసినవీ, చూసి సిగ్గుపడ్డవీ చెప్తాను.

పైడి జైరాజ్ 1909లో కరీంనగర్‌లో పుట్టారు. 1929లో, ఇంకా మూకీల కాలంలోనే, బొంబాయి పోయి హీరో అయ్యారు. దిలీప్‌కుమార్ నటించిన ‘ప్రతిమ’కు 1945లో దర్శకుడు ఆయనే. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. అప్పుడు మేమింకా ఇక్కడ బలపం పట్టుకునే ఉన్నాం. అమితాబ్ ‘డాన్’ చూసి ఈలలు వేసినవాళ్లు మీలో ఎంతమందో! అందులో దయాళ్ వేషం వేసిన పెద్దాయన మన జిల్లావాడని నాకు నలభై ఏళ్లు దాటినాకనే తెలిసింది. హిందీలో అంత పేరు తెచ్చుకున్న ఆయన తెలుగు సినిమాలో మాత్రం కనిపించలేదు.

మరి తెలుగు సినిమాలో మనం ఎక్కడున్నాం? నేల టికెట్ మీద కూచొని చూసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. హీరో ఒక తీరు మాట్లాడేవాడు. మన యాస వచ్చిందంటే అది రౌడీదో, నవ్వించేవాడిదో. హాలంతా నవ్వేది. మనమూ నవ్వినం.

ఆ నవ్వు నాతోపాటు హైదరాబాద్ హాస్టల్ దాకా వచ్చింది. ఒకసారి మా అవ్వ సకినాలు మూటకట్టుకొని బస్సెక్కి వచ్చింది. గేటు కాడ నన్ను చూసి, ‘గింత బక్కగైతివేంది బిడ్డా’ అని గట్టిగా అన్నది. పక్కన దోస్తులున్నారు. నేను గబగబా సంచీ అందుకొని, పరీక్షలున్నాయని అబద్ధం చెప్పి, మళ్లీ బస్టాండుకు తీస్కపోయిన. అవ్వ ఏమీ అడగలేదు. బస్సు కిటికీలోంచి ‘పైలం బిడ్డా’ అన్నది, అంతే.

బి.నర్సింగరావు గారి ‘దాసి’ 1988లో వచ్చింది. నేను కొన్నాళ్ల తర్వాత చూశాను. గడిలో దాసిగా బతికే కమలాక్షి కథ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కళా దర్శకత్వానికి అవార్డు అందుకున్న తోట వైకుంఠం మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లివారే. సినిమా నెమ్మదిగా నడుస్తుంది, కొందరికి విసుగు రావచ్చు. నాకూ మొదట వచ్చింది. కానీ ఆ మాట వింటుంటే హాలులో ఒక్కరూ నవ్వలేదు. నవ్వే తావే లేదు. నాకు సినిమా కన్నా ఎక్కువ ఆ బస్సు కిటికీ కనబడ్డది.

మొన్న దసరాకు ఇంటికొచ్చినప్పుడు అదే సినిమా అవ్వకు చూపించిన. పావుగంట కూడా కాలేదు, ‘ఆపు’ అన్నది. నచ్చలేదేమో అనుకున్న. తన చిన్నప్పుడు వాళ్ల ఊర్లో దొర ఇంటికి ఎవరెవరు వెట్టికి పోయేదో, ఏ ఇంటోళ్లు ఏం మోసేదో, వాళ్ల అమ్మమ్మ ఎందుకు గడి ముందట చెప్పులు చేత పట్టుకునేదో చెప్పుడు మొదలుపెట్టింది. నేను ఫోన్ తీసి రికార్డింగ్ ఒత్తిన. గంటా నలభై నిమిషాలు వచ్చింది. అందులో సగం మాటలు నా పిల్లలకు అర్థం కాలేదు. పది పన్నెండు నాకే కాలేదు, అడిగి రాసుకున్న.

మన సంఘానికి నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్ల ముసలోళ్లున్నరు. ఇక్కడి పాత టాకీసులు, ఖాదీ పని, అంగడి, వెట్టి... వాళ్లు ఏది చెప్తే అది, వాళ్ల మాటలోనే రికార్డు చేసి పంపండి. బడిలో ఒక కంప్యూటర్‌లో దాచే పని నేను చూసుకుంటా. మొదటిది మా అవ్వది, ఇవ్వాళ తెచ్చిన. ఆమె ముందు వరుసలోనే కూచున్నది. సినిమా మిగిలింది ఎప్పుడు చూపిస్తవని పొద్దటి నుంచి అడుగుతున్నది.