ఆగినచోట బలం చూపకండి



అమెరికాలో మా అబ్బాయి పక్కింటాయన గురిపోటీల కోసం ఖాళీ తూటా కేసులను ఇంట్లోనే చిన్న ప్రెస్‌మీద మళ్లీ నింపుకుంటాడు. ప్రైమరంటే తూటా అడుగున ఉండే, కందిబద్దంత పేలుడు బిళ్ల. ఒకరోజు అవి గొట్టంలోంచి దిగడం ఆగిపోయింది. ఆయన ఇనుపకడ్డీతో పొడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రైమరు పేలేదే దెబ్బకు. ఒకటి పేలితే గొట్టంలోని నూరూ పేలవచ్చు.

రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, గొట్టం మెల్లగా ఊడదీసి, ప్రైమర్లను పళ్లెంలోకి వంపాం. ఒకటి తలకిందులై ఉంది. వాటిని ముందుకు జరిపే స్లైడు కింద మసి పేరుకుంది. ఆ మసిలో సీసం ఉంటుంది గనుక నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కున్నాం. ప్రెస్సు నడిచింది.

సర్వీసులో మనం నేర్చిందీ ఇదే: ఆగిన యంత్రాన్ని ముందు చూడాలి, తరువాతే ముట్టాలి. మన పిల్లలకూ చెప్పండి. సెలవు.