పేకలో దాగిన యుద్ధాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన చదువుల రోజుల్లో జీడితోటలో పేకతో దొరికితే వీపు చిట్లేది. ఇవాళ ఆ గురువుల ఎదుటే పేక గురించి మాట్లాడమన్నారు. ఆ భయం ఇంకా పోలేదు కనుక ముందే మనవి చేస్తున్నాను: నేను పేక ఆడను, పోగుచేస్తాను. అదీ సైన్యం, యుద్ధం బొమ్మలున్న పాత పేకలు.

పేకలో సైన్యం కొత్త సంగతి కాదు. అక్బరు కాలపు పేకను అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వర్ణించాడు. 12 రంగులు, రంగుకు 12 చొప్పున 144 ముక్కలు. గుర్రాల బలమున్నవాడు అశ్వపతి, కాల్బలమున్నవాడు నరపతి, ఏనుగుల బలమున్నవాడు గజపతి. గజపతికి ఉదాహరణ ఎవరనుకున్నారు? మన పొరుగునున్న ఒడిశా ప్రభువే! గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి గుండ్రంగా కత్తిరించి, చేత్తో రంగులు వేసే ‘గంజపా’ ముక్కలకు పర్లాకిమిడి పేరుపొందింది. 1936 దాకా టెక్కలివాళ్లం, వాళ్లం ఒకే గంజాం జిల్లా. ఇప్పుడు పర్లాకిమిడి ఉన్న జిల్లా పేరు కూడా గజపతే.

ఇక రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. తలపై ఎగిరే విమానం మనదో శత్రువుదో పోల్చుకోవడం ఆ రోజుల్లో ప్రాణాలమీది మాట. అందుకని అమెరికాలో ముక్కకొక విమానం నల్లబొమ్మ అచ్చువేసి పేకలు తీశారు. ఆడుతూనే గుర్తుపట్టడం వచ్చేసేది. అక్కడే తయారైన మరో పేక ఇంకా చిత్రం. ముక్కను నీళ్లలో నానబెడితే పొరలు విడిపోయి లోపల మ్యాపు ముక్క కనిపించేది. అన్నీ కలిపి పేర్చితే, జర్మనీలో బందీగా ఉన్న సైనికుడు తప్పించుకునే దారి!

ఇన్నేళ్లుగా పోగుచేస్తున్నా, చేజారిన ఒక పేకే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఉద్దానంలో ఒక ఊళ్లో మిలట్రీలో పనిచేసి వచ్చిన పెద్దాయన ట్రంకుపెట్టెలో పాత పేక ఉందని తెలిసింది. ‘సంక్రాంతికి వెళ్లి చూద్దాంలే’ అనుకున్నాను. ఈలోగా 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. ఇంటికప్పు లేచిపోయింది, పెట్టె తడిసింది. ఉబ్బిపోయిన ముక్కల్ని చెత్తతోపాటు పారేశారు. కొన్నాళ్లకు ఆయనా పోయారు. అది ఎక్కడ కొన్నారో, ఎవరితో ఆడారో, ఆ ఆటగాళ్లలో ఎందరు తిరిగి ఇళ్లకు చేరారో అడిగే అవకాశం పోయింది.

అందుకే మీకు ఒక విన్నపం. మన ఊళ్లలో మిలట్రీకి వెళ్లినవాళ్లు లేని వీధి అరుదు. ఇంట్లో పాత పేక కనిపిస్తే పారేయకండి. ముక్కలు తక్కువైనా, డబ్బా చిరిగినా పరవాలేదు. ఆసు ఇస్పేటు చూడండి, తయారుచేసినవారి పేరు చాలాసార్లు దానిమీదే ఉంటుంది. రబ్బరుబ్యాండు వేయకుండా, తేమ తగలకుండా కాగితంలో చుట్టి పెట్టండి. అన్నిటికంటే ముందు, ఆ పెద్దాయన ఉండగానే పక్కన కూర్చుని ఆ కథ అడిగి రాసిపెట్టుకోండి. పేక మళ్లీ ఎక్కడైనా దొరకవచ్చు. ఆ కథ మరొకరి దగ్గర దొరకదు.

సెలవు.