చందాలతో నిలిచిన ఆటలు
(సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇవాళ నేను మాట్లాడేది ప్రధానంగా వెనుక వరుసల్లో కూర్చున్న పిల్లల విషయమే.

వీడియో ఆటల నిర్మాణానికి ప్రజల నుండి సొమ్ము కూర్చడాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటున్నారు. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. వీధినాటకం ఆడించడానికి ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేసిన ఊళ్ళు మనవి. అయితే నాటకం తెల్లవారేసరికి ముగుస్తుంది. సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచిన ఆట అలా ముగియదు. చందా ఇవ్వనివారు కూడ దానిని ఆడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మరి ఇవ్వనివారికీ దక్కేదానికి ఎవరైనా ఎందుకిస్తారు?

హాలెండులో జరిగిన సంగతి చెబుతాను. బ్లెండర్ అనేది బొమ్మలను, వాటి కదలికలను తయారుచేసే సాధనం. దానిని నడిపిన కంపెనీ 2002లో మూతపడింది. లక్ష యూరోలు చెల్లిస్తే సోర్స్ కోడ్‌ను విడుదల చేయడానికి పెట్టుబడిదారులు సమ్మతించారు. సృష్టికర్త టోన్ రోసెన్‌డాల్ ఆ జులైలో వాడుకరులను అర్థించగా ఏడు వారాల్లో సొమ్ము సమకూరింది. అక్టోబరు 13న బ్లెండర్ స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలైంది. ఇచ్చినవారు దానం చేశామనుకొని ఉండరు. చేతిలోని పనిముట్టును పోగొట్టుకోలేక ఇచ్చారు. ఆ సాధనంతోనే 2008లో ‘యో ఫ్రాంకీ’ అనే ఆట తయారైంది.

అన్నిచోట్లా ఇంత సులువుగా జరగలేదు. ‘జీరో ఏ.డి.’ అనే ప్రాచీన యుద్ధాల ఆటను పలుదేశాల ఔత్సాహికులు 2001 నుండి నిర్మిస్తూ, 2009లో సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచారు. 2013 సెప్టెంబరులో ఇండీగోగో ద్వారా 1,60,000 డాలర్లు అడిగారు. వచ్చినవి 33 వేల పైచిలుకు, అంటే అయిదో వంతు. వచ్చినంత సొమ్మును ఒక ప్రోగ్రామరుకు జీతమివ్వడానికి కేటాయించారు. ఆట ఆగలేదు, ఉచితంగానే కొత్త కొత్త విడుదలలు వస్తూనే ఉన్నాయి. నా మట్టుకు నాకు ఇది ఓటమిగా తోచదు. మూలధనం కంపెనీదైతే లెక్క తప్పిన రోజే తలుపు మూసేవారు. ఇక్కడ సొమ్ము తగ్గితే పని నెమ్మదించింది, అంతే. కాని ఒక మాట చెప్పక తప్పదు: ఆటకు ఎంత కావాలో లెక్కించడం వేరు, ఆ ఆటను ఎరిగినవారు ఎంత ఇవ్వగలరో లెక్కించడం వేరు. చందా పుస్తకం పట్టుకొని తిరిగినవారికి ఈ భేదం తెలుసు.

ఆ 2013 లోనే ఈ ఆటలోకి మౌర్యులు వచ్చారు. చంద్రగుప్తుడు, చాణక్యుడు, అశోకుడు, యుద్ధపుటేనుగులు, అశోకుని శాసన స్తంభం, అన్నీ ఉన్నాయి. ఆ అశోకుని శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో, గంజాం జిల్లా జౌగడలో రాళ్ళమీద ఉన్నాయి. ఈ సభలో ఉన్న చాలా కుటుంబాలకు అవి పొరుగూళ్ళే.

మన పిల్లవాడు ఆ అశోకుణ్ణి తెలుగులో ఆడగలడా? ఇటువంటి ఆటలలో తెరమీది మాటలు వేరే ఫైళ్ళలో ఉంటాయి. వాటిని తెలుగు చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు, ఓపిక కావాలి. చిక్కు లిపి దగ్గర వస్తుంది. గుణింతాలు, వత్తులు తమ చోట్ల కూర్చోవాలంటే ఆటను నడిపే యంత్రాంగానికే ఆ విద్య తెలిసి ఉండాలి. అర్జెంటీనాలో పుట్టి, 2014లో సోర్స్ కోడ్ తెరిచి, విరాళాలతో పెరుగుతున్న గోడో అనే ఇంజనుకు 2023 మార్చిలో వచ్చిన నాలుగో రూపంలో ఇటువంటి లిపులను కూర్చే ఏర్పాటు చేరింది. కనుక చందా ఎత్తదలిస్తే కొత్త ఆటకోసం కాక, మొదట మంచి తెలుగు ఫాంట్లకూ, లిపి తప్పులను సరిదిద్దే ప్రోగ్రామరు కూలికీ ఎత్తమంటాను. మొత్తం చిన్నది, లెక్కను ప్రతి నెలా ఈ పత్రికలోనే అచ్చువేయవచ్చు. అనువాదానికి ముందుకు వచ్చేవారు సభ ముగిశాక ఉండండి, ఫైలు తెరిచి చూపిస్తాను.