పిశాచములు దేనికి భయపడును?

శ్రోతలారా, పల్నాటిలోని రాజుపాలెము వంటి పల్లెలలో బాలింత తలక్రింద ఇనుపకత్తి ఉంచుట, గుమ్మమున వేపరెమ్మలు కట్టుట మనము ఎరిగినవే. ఇనుమునకు పిశాచము జంకునని పెద్దల నమ్మకము. విచిత్రమేమనగా, ఆ ఇనుమే మట్టి అంటిన కొడవలియై బొడ్డు కోసినపుడు పసికందులకు ధనుర్వాతము తెచ్చెడిది. నింద పలుచోట్ల పిశాచముపై పడెడిది.

తూర్పు ఐరోపాలో రక్తము త్రాగు ప్రేతమునకు వెల్లుల్లి గిట్టదు. త్రోవలో గింజలు చల్లినచో, అన్నియు లెక్కించనిదే అది కదలజాలదట! వంటింట ఉన్నదే ఆయుధమైనదన్నమాట.

ఎండ సోకినంతనే రక్తపిశాచి నశించునన్నది మాత్రము అంత పాతమాట కాదు. 1897లో బ్రామ్ స్టోకర్ వ్రాసిన నవలలో డ్రాక్యులా లండను వీధులలో పట్టపగలే తిరుగును. తుదకు కత్తిపోట్లకు చచ్చును. ఆ కథను అనుసరించి 1922లో వచ్చిన జర్మను మూకీచిత్రము ‘నోస్ఫెరాటు’ సూర్యకాంతిని మృత్యువుగా చేసినది. తరువాతి చిత్రములు దానినే పట్టుకొన్నవి.

మన బేతాళునికి ఇవేవియు పట్టవు. విక్రమార్కుడు మౌనముగా నున్నంతవరకే భుజముపై నిలుచును. పెదవి విప్పెనా, తిరిగి చెట్టెక్కును.

ఇక 1990 దశకమున తెలుగునాట తలుపులపై వెలసిన ‘ఓ స్త్రీ రేపు రా’ అను వ్రాత మాకు మరింత ముచ్చట గొల్పును. ఆ దయ్యమునకు చదువు వచ్చును; చదివిన మాటకు కట్టుబడి, మరునాడు వచ్చి మరల అదియే చదువుకొని వెళ్ళును.