ఫోను చెప్తుంది, వినదు

(అంగన్‌వాడీ టీచర్లు, ఆయాల సమావేశంలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మన వాడ పిల్లకు మొదటి బడి అంగన్‌వాడీయే. ఊళ్లో ఉన్నోళ్ల పిల్లలకు ఎల్‌కేజీ ఉంది, బస్సు ఇంటి ముందుకే వస్తుంది. తెల్లారి కూలికి పోయే మన తల్లులకు ఈ సెంటరు తప్ప దిక్కు లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం ఇది. 2006 డిసెంబరులో కూడా, ఎస్సీ ఎస్టీ వాడలను గుర్తించి అక్కడ ముందుగా సెంటర్లు పెట్టండని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా ఎవరి వాకిట్లో నడిచాయో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు చాలా వాడలకు సెంటరొచ్చింది. గుడ్డు, పాలు సంగతి అడగడం కూడా మనకు వచ్చింది. లోపల చెప్పే చదువు సంగతి అడిగినవాళ్లు తక్కువ. ఆ చదువు టీచరు చేతిలో ఉంది. మరి టీచరుకు నేర్పేదెవరు?

ఫోను నేర్పుతుందంటున్నారు. 2020 జాతీయ విద్యా విధానంలో ఇట్లా రాసుకున్నారు: ఇంటరు, ఆపైన చదివిన టీచరుకు 6 నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినామెకు ఏడాది డిప్లొమా. వీటిని టీవీ చానళ్ల మీద, స్మార్ట్‌ఫోన్ల మీద నడపొచ్చట. అంతకుముందే 21 పాఠాల ఐఎల్ఏ శిక్షణ, దాన్ని ఫోనులోకి దించిన ఈ-ఐఎల్ఏ వచ్చాయి. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చింది. 2023 మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' అన్నారు. తిండీ, చదువూ రెండూ అని దాని అర్థం. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళిక ఇచ్చారు. పేర్లకేం కొదవ లేదు.

ఫోను చదువు వద్దని మేం అనడం లేదు. చంటిబిడ్డను వదిలి జిల్లా కేంద్రంలో పది రోజులు ఉండలేని అక్కకు అది మేలే. అర్థం కాని చోట ఆపి మళ్లీ చూసుకోవచ్చు. పసిపిల్లలకు ఆటతో ఎట్లా చెప్పాలో, అక్షరాలు దిద్దించకముందు మాటలు ఎందుకు పెంచాలో మంచి పాఠాలే ఉన్నాయి. మన వాడ టీచరు అవి తెలుసుకుంటే లాభపడేది మన పిల్లలే.

కానీ ఆమె ఎప్పుడు చూడాలి? పగలు పిల్లల బరువులు తూయాలి, గర్భిణులకు, బాలింతలకు ఇచ్చేది ఇవ్వాలి, ఫొటోలు దించాలి, ట్రాకర్ నింపాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషనుకు మొహం చూపించే పద్ధతి కూడా తోడైంది. ఇక పాఠం మిగిలేది పొయ్యి మీద ఎసరు పెట్టిన తర్వాతే. సిగ్నలు కోసం చెరువుకట్ట ఎక్కాలి. వీడియో ఒక పక్క ఆడుతుంటుంది, ఆమె కూర తరుగుతుంటుంది. చివరన మీట నొక్కితే నేర్చుకున్నట్టు లెక్క. ఇది పార్ట్‌టైము కొలువు కాదు, పూర్తికాలపు పని అని 2022 ఏప్రిల్ 25న గ్రాట్యుటీ తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. పూర్తికాలం పని చేసినామె రాత్రిపూట చదివితే ఆ గంటలకు లెక్క లేదా? 2018 అక్టోబరులో పెంచిన తర్వాత కేంద్రం లెక్క టీచరుకు నెలకు 4,500, ఆయాకు 2,250. పైన రాష్ట్రం వేసేది వేస్తుంది. ఆంధ్రాలో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చుని, ఎస్మా పెట్టినా లేవని అక్కలకు ఈ లెక్కలు మేం చెప్పాలా!

అసలు సంగతికి వద్దాం. పిల్లలను గుండ్రంగా కూచోబెట్టి కథ చెప్పమంటుంది పాఠం. బాగుంది. ఒక తల్లి వచ్చి, "మా పాపను ఆ వాడపిల్ల పక్కన కూచోబెట్టొద్దు" అంటే ఏం చెప్పాలి? మాదిగ ఆయా వండిందని గిన్నె పట్టుకొని ఇంటికి తీసుకుపోతామంటే ఏం చేయాలి? మూడేళ్ల బిడ్డకు కులం తెలియదు. ఎవరి పక్కన కూచోవాలో, ఎవరి చేతి నీళ్లు తాగాలో చూసే నేర్చుకుంటుంది. ఆ ఒక్క పూట టీచరు ఏం చేస్తుందన్నదే ఆ బిడ్డకు పాఠం. ఈ ప్రశ్నను ఫోనును అడిగి చూడండి. చెప్పిందే మళ్లీ చెప్తుంది.

మన ఏకలవ్యుడు కూడా గురువు ఎదుట లేకుండా బొమ్మ ముందే నేర్చుకున్నాడు. బొమ్మ ఏనాడూ జవాబివ్వలేదు, గురువు మాత్రం బొటనవేలు అడగడానికి వచ్చాడు. మనకూ పాఠం బొమ్మే చెప్తోంది, లెక్క అడగడానికి మాత్రం మనుషులొస్తున్నారు.

ఇక్కడొక మాట పట్టుకోండి. అదే 2020 విధానంలో, అదే పేరాలో, నెలకు కనీసం ఒక్క ముఖాముఖి తరగతి జరపాలని, స్కూలు క్లస్టరు కేంద్రాలు టీచర్లకు తోడుండాలని రాసి ఉంది. ఫోను మాట గుర్తు పెట్టుకున్నవాళ్లకు ఈ మాట గుర్తు లేకపోతే మనం గుర్తు చేయాలి. అట్లాంటి తరగతిలో పక్క ఊరి అక్క లేచి, "మా దగ్గర ఇట్లా జరిగింది, నేనిట్లా చేశాను" అని చెప్తుంది. ఆ పాఠం ఏ వీడియోలో దొరుకుతుంది?

ఆ పేరాలో ఆయా మాట లేదు. బిడ్డ ముక్కు తుడిచేది, ఏడిస్తే ఎత్తుకునేది, ఇంటి నుంచి నడిపించుకొచ్చేది ఆయా. పసిపిల్లల చదువులో సగం ఆమె ఒళ్లోనే జరుగుతుంది. ఆమెకు శిక్షణ అక్కర్లేదా? వంటమనిషి అనుకున్నారా?

ఈ శిక్షణలు చూసే ఢిల్లీ సంస్థకు 2025లో సావిత్రిబాయి ఫూలే పేరు పెట్టారు. సంతోషం. 1848లో పూనాలో ఆడపిల్లలకు పాఠం చెప్పబోయినందుకు పేడముద్దలు తిన్న తల్లి ఆమె. ఆమె పేరున నడిచే శిక్షణలో, సెంటర్లో అంటరానితనం వస్తే ఏం చేయాలో ఒక పూటైనా చెప్పమని మేం అడుగుతున్నాం.

నెలనెలా సెక్టారు మీటింగుకు ఎట్లాగూ పోతున్నారు. అక్కడ పొద్దంతా రిజిస్టర్లతోనే సరిపోతోంది. అందులో సగం పూట పాఠానికి ఇమ్మని, ఆ రోజు బస్సు చార్జీ కట్టమని, ఫోను పాఠం చూసే సమయాన్ని పనిగంటల్లో కలపమని, ఆయాలనూ కూచోబెట్టమని అర్జీ రాస్తున్నాం. వచ్చే మీటింగుకు ప్రతి సెంటరు నుంచి ఒక కాగితం రాసుకొని రండి. ఈ ఏడాది ఫోనులో ఎన్ని పాఠాలు చూశారు, ఏ వేళ చూశారు, ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదు. రాయడం కుదరని ఆయాలు చెప్తే పక్కనున్నవాళ్లు రాయండి. కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి.